సైలెన్సర్‌కు అతుక్కున్న గోతం, ఉదయగిరి అట్లకాడ

మా నాయన తన బండి తాళం నాకిచ్చాడంటే నెల్లూరులో మా వీధిలో ఎవరూ నమ్మలేదు. పాత బండే, కానీ దాని క్రోమ్ సైలెన్సర్‌ను పొద్దున్నే తుడవందే ఆయన కాఫీ ముట్టడు. ఉదయగిరి కోట చూడాలని నేను పెట్టిన నస భరించలేక ఆఖరికి దిగొచ్చాడు. "ఇచ్చినట్టే తేవాల. గీత పడిందా, మళ్లీ తాళం అడగబాక" అన్నాడు.

తెల్లవారగానే బయల్దేరాను. సంగం దాకా కాలవ నీళ్లు, వరి చేలు, చల్లగాలి, పాటలు పాడుకుంటూ పోయాను. ఎనిమిదింటికి ఆత్మకూరు బస్టాండు దగ్గర కారం దోసె, టీ వంద లోపే అయిపోయాయి. పెట్రోలు ఇక్కడే పోయించుకోండి. ఆత్మకూరు దాటాక పచ్చదనం పలచబడి, తుప్పలు, గొర్రెల మందలు మొదలవుతాయి.

సన్న జల్లు పడుతుంటే రోడ్డు పక్కన ఒక అవ్వ చెయ్యెత్తింది. యూరియా గోతం ఒక మూలను లోపలికి మడిచి నెత్తిన వేసుకుంది. ఇక్కడ గొర్రెలు కాసేవాళ్లకు అదే రెయిన్‌కోటు. గొర్రెపిల్లలకు ఉదయగిరిలో మందు తేవాలంటే ఎక్కించుకున్నాను. జల్లు ఆగాక గోతం తీసి మా ఇద్దరి మధ్య పెట్టుకుంది. దాని కొస సైలెన్సర్ ఉన్న పక్కకు వేలాడుతోందని ఇద్దరం చూసుకోలేదు.

ఉదయగిరిలోకి రాగానే కాలిన వాసన! దిగి చూస్తే ఏముంది, గోతం కరిగి నల్ల జిగురై అరచెయ్యంత మేర క్రోమ్‌కు అంటుకుపోయింది. అయిపోయింది, ఇక జన్మలో నాకు తాళం ఇవ్వడు అనుకున్నాను. అవ్వేమో నా మీదికే వచ్చింది.

"ఏందమ్మే, నీ బండి నా గోతాన్ని తినేసినాది! వానొస్తే నేనేం కప్పుకోవాల?"

"నీ గోతమే నా కొంప ముంచింది అవ్వా!"

"నీ బండికేమైంది, రాయి మాదిరి ఉండాది. బొక్క పడింది నా గోతానికి."

ఏడవాల్సినదాన్ని, పగలబడి నవ్వాను.

గీకేద్దామని స్క్రూడ్రైవర్ తీశాను గానీ, గీత పడుతుందని భయమేసి చెయ్యి ఆగింది. ఎదురుగా ఉదయగిరి చెక్క గరిటెల అంగడి. నాన్‌స్టిక్ పెనం మీద ఇనప అట్లకాడ పెడితే మా అమ్మ చేసే రభస గుర్తొచ్చింది. ఇంకేం, అమ్మకని కొనాలనుకున్న చెక్క అట్లకాడ అప్పుడే కొనేశాను. ఇంజన్ కొద్దిసేపు నడిపి, ప్లాస్టిక్ మెత్తబడగానే ఆపి, గుడ్డ చేతికి చుట్టుకుని మెల్లగా తోశాను. పొరలు పొరలుగా లేచొచ్చింది! గట్టిపడితే మళ్లీ వేడి చేశాను. సైలెన్సర్ పూర్తిగా చల్లారాక మిగిలిన మరకను తడిగుడ్డ మీద పక్క కొట్లో కొన్న వంటసోడా వేసి అవ్వా నేనూ రుద్దాం.

"అట్లు పోసుకోను కొన్నావనుకుంటే, బండికి పోస్తుండావా!" అని అంగడి అక్క ఒకటే నవ్వు. ఆమే అవ్వకు ఖాళీ గోతం ఒకటి ఇచ్చింది. నా రెయిన్‌కోటు ఇస్తానంటే "దాంట్లో ఉడికి చస్తా" అంది అవ్వ.

కోట సగమే ఎక్కగలిగాను. ఆ గాలికి ఒంట్లో అలసటంతా పోయింది.

సాయంత్రం నాయన సైలెన్సర్ దగ్గర వంగి, వేలితో తడిమి చూశాడు. "ఈడొక్కచోట ఇంత మెరుస్తాందేంది?" జరిగిందంతా చెప్పాను. అట్లకాడను అటూ ఇటూ తిప్పి చూసి, "మిగతాది కూడా అట్టే మెరవాల. రేపట్నించి పొద్దున్నే నువ్వే తుడువు. తాళం నీకాడే పెట్టుకో" అన్నాడు.

కోట సగమే చూసి ఇంత సంబరంగా తిరిగొచ్చినదాన్ని నేనొక్కదాన్నేనేమో. మిగిలిన సగానికి ఎవరినీ బతిమాలాల్సిన పనిలేదు, ఆ ఆనందం చాలు నాకు. మీరు ఉదయగిరి పోతే ఒక్క మాట గుర్తుంచుకోండి: చెక్క అట్లకాడలు రెండు కొనండి, ఒకటి వంటింటికి, ఒకటి బండికి. నేను ఒక్కటే కొన్నాను. మా అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.