రెండు వందల ముప్పై ఆరు సరస్వతులు

నిర్మల్‌లో నేను పనిచేసే బొమ్మల కార్ఖానా పెద్ద కట్టడమేమీ కాదు. ఒక రేకుల షెడ్డు, దాని ముందు ఒక గది, అంతే. షెడ్డులో ఏడుగురు కూర్చుని పొణికి అనే తేలిక కర్రతో పండ్లు, చిలుకలు, జింకలు చేస్తారు. గదిలో నేనూ కంప్యూటరూ ఉంటాం. పదో తరగతి అయ్యాక కరీంనగర్‌లో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకుని ఈ పనిలో చేరాను. ప్రతి బొమ్మకూ ఫొటో తీయాలి, ఎత్తెంతో రంగులేవో రాయాలి, అన్నీ ఒకే ఫైల్లోకి ఎక్కించాలి. దాన్ని డేటాబేస్ అంటారని మొదటి రోజే అందరికీ చెప్పేశాను. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను.

కార్ఖానా యజమానిని మేమందరం కాకా అంటాం. ఏళ్ల తరబడి ఎర్ర అట్ట పుస్తకంలో బొమ్మల వివరాలు రాసుకున్న మనిషి. కూతురు పోరు పెడితే కంప్యూటర్ కొన్నాడు గానీ, దాన్ని చూసే చూపు మాత్రం ఇంటికొచ్చి కదలని చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది.

ఆ రోజు శుక్రవారం. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ పెట్టేవాళ్లు సాయంత్రం ఐదింటికల్లా మా బొమ్మల జాబితా పంపమన్నారు, అందితేనే స్టాలు ఇస్తామన్నారు. కొత్త బొమ్మలు పదకొండు ఎక్కించాల్సి ఉంది. మొదటిది జింకల జంట. అన్నీ నింపి సేవ్ నొక్కితే ఏదో ఇంగ్లీషు డబ్బా ఒకటి వచ్చి అడ్డం నిలబడింది. మళ్లీ నొక్కాను, మళ్లీ వచ్చింది. ఆపి, మళ్లీ ఆన్ చేశాను. పాత బొమ్మలు కనిపిస్తున్నాయి, కొత్త బొమ్మ ఒక్కటీ ఎక్కడం లేదు. అప్పటికి పొద్దున పదకొండు గంటలు దాటింది.

కాకా వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన అరవడు, అదే బాధ.

"ఐదింటి లోపట అయితే మంచిదే. కాకుంటే రేపటి సంది మళ్ల పుస్తకమే బిడ్డా. నువ్వు ఇంకోకాడ పని చూసుకో."

ఊరికే అనడమూ కాదు. ముక్కాలి పీట వేసుకుని అటక మీది ఎర్ర పుస్తకం దింపాడు, భుజం మీది తువ్వాలతో దుమ్ము దులిపి నా బల్ల మూలన పెట్టాడు. నా కుర్చీలోకి నా బదులు ఆ పుస్తకమే వచ్చి కూర్చున్నట్టనిపించింది.

మూడింటి దాకా నాకు తెలిసినవన్నీ చేసి చూశాను. ఇంకేం చేయాలో తోచక చివరికి ఫైలు మీద నొక్కి సైజు చూశాను. దాదాపు రెండు జీబీలు. వెంటనే కరీంనగర్‌లో నాకు నేర్పిన మేడంకు ఫోన్ చేశాను. ఆమె క్లాసులో ఉంది, అయినా ఎత్తింది. ఆ రకం ఫైలుకు రెండు జీబీలే హద్దనీ, అది నిండితే ఇక గింజ కూడా పట్టదనీ చెప్పింది. బొమ్మలు ఎన్నని అడిగితే మూడు వందల పన్నెండు అన్నాను. ఫొటోలు చిన్నవి చేసే పెడుతున్నానా అని అడిగితే, పెడుతున్నానని ఒట్టేశాను.

"గట్లయితే నలభై ఎంబీ సుత కావద్దే. అందుల ఎవరిదన్న పెండ్లి వీడియో పెట్టినవా ఏంది?"

"నాకింక పెండ్లే కాలే మేడం."

ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది, క్లాసు మొత్తం నవ్వింది. ఇంత భయంలోనూ నాకూ నవ్వొచ్చింది.

ఈలోగా కార్ఖానా అంతా గదిలోకి చేరింది. ఫైలు ఉబ్బిందని చెప్పాను కదా, ఇక తలా ఒక మందు చెప్పారు. పొణికి కర్ర తడి పీలిస్తే ఉబ్బుతుంది కాబట్టి కంప్యూటర్‌ను కాసేపు ఎండలో పెట్టమన్నాడు కాకా. నిజంగానే అన్నాడు. రంగులు వేసే చిన్నమ్మ ఏమో, నిలువెత్తు ఏనుగు ఫొటో ఎక్కించిన రోజే తనకు అనుమానమొచ్చిందంది.

మేడం ఒక్కటే అడిగింది. కంప్యూటర్ ఒక్కో వరుసకు దానంతటదే వేసుకునే నంబరు చివర్న ఎంతుందో చూడమంది. కిందికి జరిపి చూశాను. ఐదు వందల నలభై ఎనిమిది. బొమ్మలేమో మూడు వందల పన్నెండు. తేడా రెండు వందల ముప్పై ఆరు. పైగా ఆ చివరి నంబరు దగ్గర ఉన్నది బొమ్మ కాదు. వీణ పట్టుకుని, చల్లగా నవ్వుతూ, సరస్వతమ్మ.

అప్పుడు అర్థమైంది.

మా బాపు కొత్త కాగితం మీద శ్రీ చుట్టకుండా ఒక్క అక్షరం రాయడు. ఫైలుకు కాగితాలు లేవు, పసుపు పెడదామంటే తెర మీద నిలవదు. అందుకని రోజూ పొద్దున మొదటి వరుస అమ్మవారిది. మా ఇంట్లోని బాసర పటానికి, దుబాయ్ నుంచి అన్న తెచ్చిన ఫోన్‌తో తీసిన ఫొటో అది. అమ్మవారిని చిన్నగా చేయడానికి చేతులు రాక ఉన్నదున్నట్టు పెట్టేదాన్ని. మొదటి వారం ఆ వరుస అలాగే ఉండిపోతే, జాబితా చూసిన ఒక దుకాణం ఆయన ఆ వీణ బొమ్మలు డజను పంపమని ఫోన్ చేశాడు. అప్పటి నుంచి సాయంత్రం పోయేటప్పుడు దండం పెట్టుకుని తీసేయడం అలవాటు చేసుకున్నాను.

అంతా మేడంకు చెప్పాను. ఆమెకు నవ్వు ఆగితే కదా. చివరికి ఊపిరి తీసుకుని చెప్పింది.

"నువ్వు తీసినవనుకున్నవ్ గని, ఆమె పోలేదే పిల్లా. కంటికి కనవడదు, జాగ మాత్రం ఆమెదే. ఇన్ని దినాల అమ్మవార్లందరు లోపట్నే కూసున్నరు."

మందు కూడా చెప్పింది. ముందు ఫైలుకు ఒక నకలు తీసి దాచుకోవాలి. తరవాత ఈ రోజు అమ్మవారిని తీసేసి, ఫైలును కుదించే మీట నొక్కితే ఖాళీ జాగా అంతా బయటికి పోతుంది. అంత సులువు.

కానీ చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"శుక్రవారం పూట అమ్మవారిని ఎల్లగొడ్తవా? అది గూడ అంతమందిని?"

కాకా గడియారం చూశాడు. నాలుగు కావస్తోంది. కానీ చిన్నమ్మ మాటను కాదనే ధైర్యం మా కార్ఖానాలో ఎవరికీ లేదు, ఆయనకు కూడా. నేను పెన్‌డ్రైవ్ తీసి చూపించి, ముందు అందరూ ఇందులోకి వస్తారు చిన్నమ్మా, ఎల్లగొట్టడం కాదు ఇల్లు మార్చడం అన్నాను. ఆమె పెన్‌డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. గింతదాంట్ల ఇంతమంది పడతారా అని అడిగింది. పడతారన్నాను. అయితే బతుకమ్మను సాగనంపినట్టే సాగనంపాలని తీర్పు చెప్పి, పసుపు కోసం ఇంటికి పరుగెత్తింది.

నకలు ఎక్కుతున్నంతసేపూ తెర మీద ఆకుపచ్చ గీత నత్తలా జరిగింది. ఏడుగురూ పని మానేసి దాన్నే చూశారు. అది నిండగానే చిన్నమ్మ పెన్‌డ్రైవ్‌కు బొట్టు పెట్టి, దేవుడి గూట్లో అగరొత్తుల పక్కన ఉంచింది. పోయి రావమ్మా అని అందరం అన్నాం, కాకాతో సహా. నేను దండం పెట్టుకుని ఆ రోజు అమ్మవారిని తీసేసి, మీట నొక్కాను.

ముప్పై ఎనిమిది ఎంబీ. రెండోసారి చూసినా అంతే. నేను కుర్చీలోంచి లేచి గుండ్రంగా తిరిగాను, సిగ్గు కూడా పడలేదు. జింకల జంట ఎక్కింది, మిగతా పదీ ఎక్కాయి. ఐదుకు తొమ్మిది నిమిషాలు ఉన్నాయనగా జాబితా పోయింది, అందినట్టు జవాబు కూడా వచ్చింది.

కాకా ఎర్ర పుస్తకం తీసుకుని పీట దాకా వెళ్లాడు. అటక వైపు చూశాడు, నా వైపు చూశాడు. తిరిగి వచ్చి దాన్ని నా ముందు పెట్టాడు.

"రేపటి సంది శ్రీ ఇందుల రాయి. పెట్టెల మాత్రం బొమ్మలే."

ఇప్పుడు పొద్దున్నే ఆ పుస్తకంలో ఒక గీతకు ఒక శ్రీ చుట్టి, ఆ తరవాతే కంప్యూటర్ ఆన్ చేస్తాను. మొన్న ఒక రోజు నేను రావడం ఆలస్యమైంది. వచ్చి చూస్తే, ఆ రోజు శ్రీ అప్పటికే రాసి ఉంది. వంకర టింకర అక్షరం, పక్కనే రంగు అంటిన వేలిముద్ర. ఎవరని అడిగితే, చిన్నమ్మ తల ఎత్తకుండా చిలుక ముక్కుకు ఎరుపు వేస్తూ కూర్చుంది.