మూడు దెబ్బలు, ఆగి ఒకటి

మా పుట్టింట్లో ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే, మధ్యలో నవ్వేసి చెడగొట్టేదాన్ని నేనే. ఇప్పటికీ నమ్మను. నేను చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు కూడా. మరి ఏముందంటే మాత్రం నాకు తెలియదు.

మాది కురిచేడు. పెళ్లయ్యాక మార్కాపురం వచ్చాను. మా ఆయనకు అక్కడ ఫ్యాన్సీ దుకాణం ఉంది. నాకు ఏడో నెల నడుస్తుండగా, దుకాణానికి దగ్గరని ఒక అద్దె ఇంట్లోకి మారాం. ఆ నెలలోనే నాకు బీపీ పెరిగింది.

"నిద్ర లేకపోతే మాత్రలేం చేస్తాయమ్మా? ఇట్లే ఉంటే బిడ్డను ముందే తీయాల్సొస్తది" అంది డాక్టరమ్మ.

ఆ మాట విన్నాక ఇక నిద్ర ఎలా పడుతుంది? కళ్లు మూస్తే చాలు, బుర్రలో సంత మొదలయ్యేది. బిడ్డ బరువు సరిపోతుందా, గ్యాస్ కట్టేశానా, సీమంతానికి వచ్చిన మేనత్త నా పొట్ట చూసి అలా ఎందుకు అంది, అన్నీ ఒకేసారి. ఫోనులో ధ్యానం వీడియో పెట్టుకున్నాను. ఆలోచనలను మబ్బుల్లా వదిలేయమనేది అందులో అమ్మాయి. మబ్బులు అనగానే నాకు డాబా మీద ఆరబెట్టిన వడియాలు గుర్తొచ్చేవి, లేచి కూర్చునేదాన్ని. మా ఆయన పాపం అరికాళ్లకు కొబ్బరినూనె రాసేవాడు. రాస్తూ రాస్తూ తనే నిద్రపోయేవాడు.

ఇల్లు మారిన పదో రోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. వెనక గది గోడ అవతల నుంచి ఏదో చప్పుడు. రాతి మీద ఇనుముతో సన్నగా కొట్టినట్టు, టక్ టక్ టక్. ఆగింది. తర్వాత కొంచెం గట్టిగా ఒకటి. మళ్లీ మూడు. ఈ వేళప్పుడు ఎవడురా అని తిట్టుకున్నాను. కానీ మూడు కొట్టి ఆగినప్పుడల్లా, నాలుగోది ఎప్పుడు పడుతుందా అని చెవులప్పగించేదాన్ని. ఆ కాసేపూ బుర్రలో ఇంకేమీ ఉండేది కాదు.

లేచేసరికి అయిదయింది. దిండు మీద చొంగ కూడా కారింది. ఎంత సంతోషమేసిందో!

అప్పటినుంచి రోజూ రెండింటికి చప్పుడు మొదలయ్యేది, నేను నిద్రపోయేదాన్ని. పది రోజుల్లో బీపీ దిగింది. ఒక ఆదివారం మా ఆయనను పిలిచి వినమన్నాను. గోడకు చెవి ఆనించి, "ఏందీ, ఏం ఇనపడట్లేదే" అన్నాడు. అదే క్షణంలో నాకు స్పష్టంగా వినిపిస్తోంది. నేను వాదించలేదు. నిద్ర పడుతోంది కదా, కొట్టేది ఎవరైతే నాకేం?

తొమ్మిదో నెలలో పుట్టింటికి వెళ్లాను. నెలలు నిండాకే, అదే డాక్టరమ్మ దగ్గర పాప పుట్టింది, దాదాపు మూడు కిలోలు. డాక్టరమ్మే ముందు నవ్వింది. నేనైతే ఏడ్చేశాను.

పాపకు మూడో నెల రాగానే మార్కాపురం తిరిగొస్తే ఆ చప్పుడు లేదు. గోడ అవతల ఎవరుంటారని ఓనరు పెద్దమ్మను అడిగాను.

"ఎవురూ లేరు. అది రాతి పలకలు చేసే షెడ్డు. మూసేసి శానా ఏండ్లాయె" అంది.

తాళం తీయించి చూపించింది. విరిగిన పలక ముక్కలు, మందంగా దుమ్ము. ఆ దుమ్ములో ఒక్క అడుగు గుర్తు లేదు. అక్కడ చివరిదాకా రాయి చీల్చిన తాత ఒకాయన ఇప్పుడు బేస్తవారిపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడని చెప్పింది.

ఊరుకోబుద్ధి కాలేదు. మా ఆయనను లాక్కుని, పాపను ఎత్తుకుని బస్సెక్కాను. దారంతా పాప ఏడుపే. మేం వెళ్లేసరికి తాత వసారాలో మంచం మీద కునుకు తీస్తున్నాడు.

"కూర్చోండి తల్లీ. మధ్యాన్నం పండుకున్నాడంటే ఇంతే, నిద్దట్లో గూడా పనే. సూడు ఆ యేళ్లు" అంది ఆయన భార్య.

మంచం పట్టె మీద తాత వేళ్లు ఆడుతున్నాయి. మూడు దెబ్బలు. ఆగి, ఒకటి. నేను గోడ గడియారం చూశాను. రెండుంపావు.

పాప ఏడుపుకు తాత లేచాడు. ఆ కొట్టేదేంటని అడిగితే సంబరంగా చెప్పాడు.

"అదా! మూడు కొట్టి, రాయి ఏమంటాదో ఇనాల తల్లీ. మన తలకాయలో గోల పెట్టుకుంటే దాని మాట ఇనపడదు. ఇన్నాకనే ఉలి దెబ్బ ఏసేది. ఇదిగో, ఇట్ల."

మంచం పట్టె మీద మూడుసార్లు కొట్టి ఆగాడు. పాప ఏడుపు టక్కున ఆగిపోయింది. తల అటు తిప్పి, ఊపిరి బిగబట్టి, నాలుగోదాని కోసం చూసింది, అచ్చం నాలాగే. నాలుగోది పడింది. నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మా ఆయన నోరు తెరిచి నాకేసి చూశాడు.

అంత దూరాన మంచం మీద కదిలిన వేళ్లు మా గోడ అవతల ఎలా మోగాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థమైందని ఎవరైనా చెప్పినా నమ్మను. కానీ ఆ రెండు నెలలూ ఆ చప్పుడు విన్నది నేనొక్కదాన్నే కాదు.