తుపాకీ సంచిలో ఆఖరి అర

బాబాయ్ గారు పోయారన్న కబురు ఫోనులో ఫొటోగా వచ్చింది. దండ వేసిన ఫొటో, కింద "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట, సమాధి కార్యక్రమం మైలవరంలో అని. నేనప్పుడు విజయవాడలో బ్యాంకు గుమ్మం దగ్గర డ్యూటీలో ఉన్నాను. మాకు చుట్టరికమేమీ లేదు. ఆ బ్యాంకుకి ఒకటే తుపాకీ, కాపలాకి ఇద్దరం. పొద్దున ఆయన, మధ్యాహ్నం నుంచి నేను. పని నేర్పింది ఆయనే. మొదటి వారంలోనే బాబాయ్ అని పిలవడం అలవాటైపోయింది.

ఆయన గురించి చెప్పాలంటే ఆయన సంచి గురించి చెప్పాలి. పిన్ని గారు ఖాకీ గుడ్డతో కుట్టిచ్చిన సంచి అది. విప్పితే బల్ల మీద మూరెడు పరుచుకునేది, చుట్టి తాడు కడితే చంకలో ఇమిడేది. తుపాకీ తుడిచే సామానంతా అందులోనే. మొత్తం ఏడు అరలు, ఎడమ నుంచి కుడికి వాడే వరసలో. మూడు ముక్కల కడ్డీ, ఇత్తడి తీగల బ్రష్షు, పాత పంచె చింపిన నలుచదరం గుడ్డలు, ఊలు కుచ్చు, కంటిచుక్కల సీసాలో నూనె, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు. ఏడో అరకి లోపల ప్లాస్టిక్ కవరు వేసి కుట్టించారు. వాడిన గుడ్డ అందులోకే పోవాలి. ఇనుప కడ్డీ అయితే గొట్టం లోపల గీతలు పడతాయని, ఆటోనగర్‌లో లేత్ దగ్గర ఒక పూటంతా నిలబడి ఇత్తడిది చేయించుకున్నారు.

"కళ్ళు మూసుకుని తియ్యగలగాలి. వెతుక్కున్నావంటే సర్దలేదన్నమాట," అనేవారు.

డ్యూటీ మారేటప్పుడు తుపాకీ తుడిచినవాడు ఆఖరి గుడ్డని రెండోవాడికి చూపించాలి. అది తెల్లగా ఉంటేనే రెండోవాడు తుపాకీ అందుకోవాలి. ఈ పద్ధతి మా సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టింది కాదు, ఆయన పెట్టుకున్నది. నేనేదైనా సాకు మొదలుపెడితే "గుడ్డ చూపించు, మాటలు తర్వాత" అని చెయ్యి చాపేవారు. మురికంటే ఆయనకి మహా రోత. పక్క బ్రాంచిలో ఒకాయన టిఫిను తిన్న చెయ్యి తుడుచుకున్న గుడ్డనే గొట్టంలోకి తోస్తుంటే చూసి, ఆ రోజు అన్నం సగంలో వదిలేశారు. ఆ రోత నాకూ అంటింది. కానీ చాలా ఆలస్యంగా అంటింది.

ఒక వానాకాలం ఆయన ఇంటి పని మీద నాలుగు రోజులు సెలవు పెట్టారు. సంచి నాకు అప్పగించి వెళ్ళారు. రెండో రోజుకే సీసాలో నూనె అయిపోయింది. గన్ ఆయిల్ తేవాలంటే వానలో ఊళ్ళోకి పోవాలి. బద్ధకం. మా ఇంట్లో తలకి రాసుకునే పాత కొబ్బరినూనె సీసాలో నింపి, గొట్టంలో ఒకసారి పోసి వదిలేశాను. మిగతా రోజులు తుడవకుండానే తుడిచినట్టు సంతకం పెట్టాను. ఆయన తిరిగొచ్చిన పొద్దున, ఇంకా సంచి తాడు విప్పకముందే తనిఖీ ఆఫీసరు దిగాడు. అప్పగింతకని నేనూ అక్కడే ఉన్నాను. ఆఫీసరు గొట్టంలోకి తోసిన గుడ్డ బంకలా, గోధుమరంగులో, పాడైన కొబ్బరినూనె కంపుతో బయటికొచ్చింది. అతను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ముఖం తిప్పుకున్నాడు.

"ఈ నూనె ఎవడు పోశాడు?"

బాబాయ్ నా వంక ఒకసారి చూశారు. "సంచి నాదండి. సీసా నింపిందీ నేనే. వాడికి తెలీదండి, నేనిచ్చింది వాడాడు."

నేను గోడ మీది టోకెన్ల బోర్డు వంక చూస్తూ నిలబడ్డాను. ఎర్ర అంకెలు మారుతున్నాయి. నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. తెరవలేదు. ఆయన్ని తుపాకీ డ్యూటీ నుంచి తీసేసి, కర్ర ఇచ్చి అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చోబెట్టారు. వెళ్ళేటప్పుడు "ఆ సీసా కడిగెయ్యి" అన్నారు, అంతే. తర్వాత కర్ర డ్యూటీ కూడా మానేసి, సంచి వెంట తీసుకుని మైలవరం వెళ్ళిపోయారు. ఎప్పుడైనా ఫోను చేస్తే "గుడ్డ తెల్లగా వస్తోందా?" అని అడిగేవారు. వస్తోందనేవాణ్ణి. అప్పుడది నిజమే.

మైలవరంలో వాళ్ళింట్లో పెట్టిన జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళాను. ఆయన కొడుకు లేచి నాన్న కష్టం గురించి చెప్పాడు. "చివర్లో చూపు తగ్గి, తుపాకీకి కొబ్బరినూనె పోసి ఉద్యోగం పోగొట్టుకున్నారు," అన్నాడు. జనం జాలిగా నవ్వారు. తర్వాత నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. "చాలా శుభ్రమైన మనిషి" అని కూర్చున్నాను. ఛీ, నా బతుకు. ఆ తర్వాత పెట్టిన భోజనం సగంలోనే వదిలేశాను.

చెయ్యి కడుక్కుని వరండాలోకొస్తే కొడుకు బైకు చైను తోముతున్నాడు, ఆ ఇత్తడి బ్రష్షుతో. ఊలు కుచ్చు గ్రీజులో ముద్దయి పడుంది. సంచి మోకాళ్ళ కింద వేసుకున్నాడు.

"అది బాబాయ్ గారిది కదండీ," అన్నాను.

"ఇంక గన్ను లేదుగా అండీ. చైనుకి బాగా పట్టుద్ది ఇది."

బ్రష్షు తప్ప మిగతావన్నీ ఏరుకుని అక్కడే కింద కూర్చున్నాను. పిన్ని గారు వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

"కళ్ళు బానే ఉన్నాయే అనేవారు. మేమెవరం నమ్మలేదు నాయనా. కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాం. వంటింట్లో ఏ సీసా ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదు. దగ్గుమందు కూడా వీడే పోసిచ్చేవాడు. తాగేవారు, ఒక్క మాట అనేవారు కాదు."

కడ్డీ నా చేతిలో ఉంది. "పిన్ని గారూ, ఆ నూనె పోసింది నేను. ఆయన కాదు. నా ఉద్యోగం నిలబెట్టడానికి తన మీద వేసుకున్నారు."

బ్రష్షు చప్పుడు ఆగింది. పిన్ని గారు నా వంక చూడలేదు. కొడుకు వైపు తిరిగి "విన్నావా" అన్నారు. అతను బ్రష్షు తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఏం చెయ్యాలో తెలీక కడ్డీ తుడిచాను. మూడో అరలో ఒకే ఒక్క గుడ్డ మిగిలింది. అది నల్లగా వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె ముందుకి చాపాను. ఆమె దాన్ని చాలాసేపు చూశారు.

"తెల్లగా వచ్చేదాకా తుడు," అన్నారు.

"గుడ్డలు అయిపోయాయి పిన్ని గారూ."

ఆమె లేచి లోపలికెళ్ళి, ఉతికిన ఆయన పంచె తెచ్చారు. నా ఎదురుగా కూర్చుని, అంచు పళ్ళతో కొరికి, నలుచదరంగా ఒక్కొక్క ముక్కే చింపి నా ముందు పెట్టడం మొదలుపెట్టారు.