బంగారు అంగళ్ల బజారులో తక్కెడ మాట

ఈ ఉదయం పేపరులో ఒక చిన్న వార్త చూశాను. విశ్వాన్ని అంతకంతకూ వేగంగా విస్తరింపజేస్తున్నదనే కృష్ణశక్తి కాలంతో పాటు తగ్గుతోందేమోనని, అసలు గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలేమోనని మళ్లీ వాదించుకుంటున్నారట. చదివి వినిపించడానికి మా ఆయన లేరు. పోయి మూడో నెల నడుస్తోంది.

ఆయన జమ్మలమడుగు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. మా అన్నకు ప్రొద్దుటూరులో బంగారు అంగడి. చెల్లెలి మొగుడి చదువు తన బజారుకు తెలియాలని అన్నే ఒక సాయంత్రం వ్యాపారులందరినీ పిలిచి ఉపన్యాసం పెట్టించాడు. నక్షత్ర మండలాలు దూరమయ్యే వేగం తగ్గాల్సింది పోయి పెరుగుతోందని, శూన్యంలో కనబడని శక్తి ఉందని చాలామంది అంటారని, కొందరు మాత్రం అంత దూరాన మన సూత్రమే చెల్లదేమో అంటారని ఆయన చక్కగానే చెప్పుకొచ్చారు. అక్కడితో ఆపినా బాగుండేది. దగ్గరి పోలిక చెప్పాలనే అయ్యవార్ల అలవాటు కొద్దీ, తూకంలో తేడా వస్తే పళ్లెంలో కనబడనిదేదో ఉందనుకుంటామా, ముందు తక్కెడను అనుమానిస్తామా అని అడిగారు.

ఆ రోజుల్లో ఆ బజారులో అన్నదమ్ములు కొట్టుకున్నా, నలుగురిలో ఒకరి తక్కెడ తప్పని మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. ఆ మాట అన్నారంటే ఆ అంగడి పేరు పోయినట్టే.

వెనక నుంచి ఒకాయన లేచి, "ఏందప్పా సారూ, మా బజార్లో నిలబడి మా తక్కెళ్లే దొంగవంటాండావే?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయన దాన్నీ శాస్త్రచర్చే అనుకుని, "అన్నీ ఎందుకప్పా, మా బావ అంగట్లో తక్కెడనే తీసుకోండి" అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. అన్న ముఖం చూడలేక నేను చాప అల్లికను చూస్తూ కూర్చున్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన, బాగా విన్నారు కదూ అని సంతోషంగా అడిగారు. అన్న పరువు పోయిందని చెప్పక తప్పలేదు. మర్నాడే వెళ్లి క్షమించమన్నారు. అన్న కాఫీ ఇప్పించాడు, మర్యాదగా మాట్లాడాడు; ఆ తర్వాత ఇన్నేళ్లూ మా మధ్య మర్యాదే మిగిలింది. ఆయన మళ్లీ ఏ సభలోనూ నోరు విప్పలేదు.

దినాలకు వచ్చిన అన్న చాలాసేపు ఫోటో ముందు నిలబడి, "బావ చెప్పింది నిజమని తేలిందా అమ్మీ? తేలింటే బజారంతా చెప్పుకుందును" అన్నాడు. ఇంకా తేలలేదన్నాను.

ఇప్పుడు అన్న అంగట్లో కరెంటు కాటా ఉంది, అంకెలు కొనేవాళ్ల వైపే తిరిగి ఉంటాయి. ఇంకోసారి తూయమంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆనాటి మాట అంత నేరం ఎలా అయిందో ఈ కాలం పిల్లలకు అర్థం కాదు.

ఈ వార్త చెబుదామని ఫోన్ తీశాను. తేలింది అనడానికి ఇందులో ఏమీ లేదు. ఇంకా తేలలేదని అన్నకు మరోసారి చెప్పడానికి సిగ్గేసి, పక్కన పెట్టేశాను.