ఆవిడ పేరు మీద షాపు

రేపల్లె మున్సిపల్ ఆఫీసులో నా కౌంటరు దగ్గరికి ఆవిడ వచ్చింది రెండుసార్లే. వైన్ షాపు లాటరీకి కొడుకు తన పేరుతో పాటు ఆవిడ పేరు కూడా వేశాడు. తగిలింది ఆవిడకే. దాంతో ట్రేడ్ లైసెన్సు ఫీజు కట్టడానికి ఆవిడనే పంపేవాడు.

తన వంతు రాగానే ఆవిడ పక్కకు జరిగి, వెనకవాళ్లతో "మీరు కానివ్వండి" అనేది. మొదటిసారి హాలంతా ఖాళీ అయ్యాకే కిటికీలోకి వంగి, "బ్రాందీ షాపుదండి" అంది, రహస్యం చెప్పినట్టు.

రెండోసారి వెనక ఉన్నది ఆవిడ వీధిలోని ఇల్లాలే, ఇంటిపన్ను కట్టడానికి వచ్చింది.

"మీరే ముందొచ్చారుగా పిన్నిగారూ, కట్టేయండి" అని ఆమె కదల్లేదు.

నేను అలవాటుగా "ఏ షాపండి?" అన్నాను. ఆవిడ వెనక్కి ఒకసారి చూసి, చేతిలోని కాగితాలు మడవసాగింది.

సాయం చేద్దామనుకుందేమో, ఆ ఇల్లాలే అందుకుంది. "మార్కెట్ పక్క వైన్ షాపండి. మా ఆయన రోజూ వెళ్లేది అక్కడికేగా."

ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. అడ్రసు చెప్పినట్టే చెప్పింది.

ఆవిడ కొంగు భుజాల నిండా కప్పుకుని పక్కకు జరిగింది.

"నువ్వు కానివ్వమ్మా" అంది, ఆమె ముఖం చూడకుండా.

అందరూ వెళ్లిపోయాక కూడా ఆవిడ కిటికీ దగ్గరికి రాలేదు. నేనూ పిలవలేకపోయాను.