ఎన్నింటికి తీశారు?

మా ల్యాబ్ మాస్టారు పోయారని శుక్రవారం పొద్దున్న ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను పనిచేసే బడికి వెళ్ళే బస్సులో ఉన్నాను. ఏలూరు నుంచి ముదినేపల్లి దాకా రోజూ నిలబడి వెళ్ళే ప్రాణం, ఆ రోజు సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. మధ్యలోనే దిగి వెనక్కి వచ్చేశాను. ఈమధ్య ఏడవడానికి కూడా ఓపిక ఉండటం లేదు, అయినా ఏడుపొచ్చింది.

ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేవారు, మా వీధిలోనే ఉండేవారు. ఏ శాంపిలు వచ్చినా ఆయన మొదటి ప్రశ్న, "ఎన్నింటికి తీశారు?" ఆ టైము అరచేతి మీద రాసుకునేవారు. మా ఇంటి నుంచి పెరుగు పంపినా ఎన్నింటికి తోడుపెట్టానో అడిగేవారు. నిజం చెప్పాలంటే ఒక్కోసారి విసుగొచ్చేది.

మావారు కొల్లేరు వైపు చేపల చెరువుల దగ్గర సూపర్‌వైజరు. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గట్టు మీద ఫిట్స్ వచ్చి పడిపోయారు. కూలీలు చేతిలో తాళాల గుత్తి పెట్టి ఆటోలో ఏలూరు తెచ్చారు. ఆసుపత్రి గుమ్మంలో మళ్ళీ వచ్చింది. అది ఆగీ ఆగగానే రక్తం తీస్తే, అమ్మోనియా బాగా ఎక్కువుందన్నారు. ఆ మాటకి కూలీలు బెదిరిపోయారు. నీళ్ళలో అమ్మోనియా పెరిగితే చేపలు చచ్చి తేలతాయి. ఆ చెరువుదే ఈయన ఒంట్లోకి ఎక్కిందనుకున్నారు పాపం. డ్యూటీ డాక్టరు మాత్రం లివరు సంగతి చూడాలి, మందు అలవాటుందా అని అడిగారు.

లేదని నేను చెప్పాలి. చెప్పలేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో మందు ముట్టని మనిషి. అప్పుడే తెలివొస్తున్న ఆయన మీదకి వంగి, "నాకు తెలియకుండా తాగుతున్నారా?" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి గోడవైపు తిరిగి పడుకున్నారు.

మాస్టారు రిపోర్టు పట్టుకుని వార్డుకొచ్చారు. ఫిట్స్ ఎప్పుడొచ్చింది, రక్తం ఎన్నింటికి తీశారు అని వాకబు చేశారు. ఫిట్స్‌లో కండరాలన్నీ బిగిసి కొట్టుకుంటాయని, దాంతో అమ్మోనియా పెరిగి కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుందని నాకు నెమ్మదిగా చెప్పారు. డాక్టరుగారితో మాట్లాడి, సాయంత్రం మళ్ళీ రక్తం తీయించి, ట్యూబు ఐసులో పెట్టుకుని స్వయంగా ల్యాబుకి పట్టుకెళ్ళారు. మామూలుకి దిగింది. లివరు పరీక్షలూ బాగానే వచ్చాయి. అప్పుడు, నేను మావారినడిగిన మాట మాస్టారికి చెప్పుకున్నాను.

"రక్తం మేం మళ్ళీ తీశాం. మీరడిగిన మాట మీరే వెనక్కి తీసుకోవాలమ్మా," అన్నారు.

తీసుకోలేదు. మందులు, బస్సులు, బడి, మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న భయం, వీటిలో పడి అలిసిపోయాను. సిగ్గు కూడా. కనిపించినప్పుడల్లా "చెప్పారా?" అనేవారు. చెప్తానండీ అనేదాన్ని. ఈ ఏడాది అడగడం మానేశారు.

శనివారం మాస్టారి సమాధి మీద మట్టి వేసి, అటు నుంచి అటే నేనూ మావారూ చెరువుకి వెళ్ళాం. మావారిని ఇప్పుడు గట్టు మీదకి ఒంటరిగా పంపను. అమ్మోనియా ఎంతుందో చూడటానికి ఆయన చెరువు నీళ్ళు ట్యూబులో పట్టి పరీక్ష మందు చుక్కలు వేశారు. రంగు ముదురుగా తిరిగింది, అంటే ఎక్కువున్నట్టే.

"ఆ రోజు నేనలా అడగకుండా ఉండాల్సిందండీ," అన్నాను.

ఆయన ట్యూబు ఒంపేసి, కడిగి, వంగి మళ్ళీ నీళ్ళు పట్టారు. జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చారు.

"ఎన్నింటికి తీశానో రాయి."

కాగితం లేదు. నాలుగూ పది అని అరచేతి మీద రాసుకున్నాను.