జెయింట్ వీల్‌కని పోయి రోడ్డు మీద పొయ్యి వెలిగించాం

మా మనుమరాలు చిన్ని బడిలో జారుడుబండ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. దవాఖానాలో పిండికట్టు విప్పే రోజు, ఏడవకుండా కూర్చుంటే జెయింట్ వీల్ ఎక్కిస్తానని నేనే మాట ఇచ్చాను. ఆ పిల్ల పెదవి కొరుక్కుని కూర్చుంది గానీ ఏడవలేదు. ఇక మాట తప్పడానికి నాకు దారి లేకుండా పోయింది.

పడ్డప్పటి నుంచి దానికి ఎత్తంటే భయం. అందుకని ఒక షరతు పెట్టింది. "ఈ చేతికి నువ్వు నానమ్మా, ఆ చేతికి అమ్మమ్మ. ఇద్దరు పట్టుకుంటేనే ఎక్కుత."

అమ్మమ్మ అంటే మా వియ్యపురాలు సత్యవతమ్మ. గుంటూరు వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంటుంది. మేం నల్లగొండ పల్లె నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో స్థిరపడ్డాం. వదినా అంటే వదినె అనుకుంటాం గానీ తిండి దగ్గర మాకు పొసగదు. నేను చేసే తపాలచెక్క ఆమె ఏనాడూ ముట్టలేదు. బియ్యప్పిండిని గిన్నెకు అద్ది కాల్చే ఆ రొట్టె తింటే పళ్ళు రాలిపోతాయంటుంది. ఆమె పులిహోరలో నూనె పిండితే దీపం పెట్టుకోవచ్చని నేనంటాను. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఇంకో ముచ్చట తోడైంది. టీవీలో వార్తలు వస్తే చాలు, ఇద్దరిలో ఒకరం లేచి వంటింట్లోకి పోతాం.

ఈ ప్రయాణం అంతకుముందు రెండుసార్లు తప్పింది. ఒకసారి బంద్. ఇంకోసారి రాస్తారోకో, ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోలోనే పొద్దుగూకింది, ఒక్క హోటలూ తెరిచి లేదు, పిల్ల ఆకలితో సొమ్మసిల్లినంత పని చేసింది. అప్పటి నుంచి దూరం పోతే నేను వత్తుల స్టవ్ లేకుండా గడప దాటను. ఇది సెలవుల ఆఖరి ఆదివారం. తెల్లారితే బడి. ఈ రోజు తప్పితే పిల్లకు నా మాట మీద నమ్మకం పోతుంది.

మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో నుంచి బయలుదేరాం. నేను, చిన్ని, మా కొడుకు సీను. కోడలు నర్సు, డ్యూటీలో ఉంది. నా సంచిలో స్టవ్, కిరసనాయిలు సీసా, గిన్నె, ఉప్పు, పప్పు, కడిగి నానబెట్టిన బియ్యం. నానిన బియ్యం తొందరగా ఉడుకుతాయి, కిరసనాయిలు మిగులుతుంది. తపాలచెక్కలు బట్టలో కట్టి నడుముకు చుట్టుకున్నాను.

"అమ్మా, పార్కుకు పోతున్నమా, జాతరకు పోతున్నమా?" అన్నాడు సీను.

"జాతరల ఆకలైతే ఎవడన్న ఇంత పెడ్తడు. పార్కుల ఎవడు పెడ్తడురా?"

పండ్ల మార్కెట్ ముందు కుళ్ళిన బత్తాయిల వాసన దాటుకుని దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి సత్యవతమ్మ గొడుగు వేసుకుని స్టాపులో నిలబడి ఉంది. చేతిలో స్టీలు క్యారియర్. అందులో ఏముందో అడగనక్కరలేదు. బస్సులు సమ్మెలో ఉన్నాయి. ఎనిమిది మందిని ఎక్కించుకునే ఆటో ఒకటి దొరికింది.

"అవ్వా, గా స్టవ్‌కు గూడ సీటు పైసలియ్యాలె," అన్నాడు ఆటో అతను.

"ఒళ్ళె పెట్టుకుంట. ఒళ్ళె పసిపిల్లను పెట్టుకుంటే తీస్కుంటవా?"

పక్కన కూర్చున్న కోచింగ్ కుర్రాడు ముక్కు మూసుకుని, "ఆంటీ, మీ పసిపిల్ల లీకైతుంది," అన్నాడు. మూత బిగించాను. కొత్తపేట, ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టేదాకా అతను ముక్కు మీద వేలు తీయలేదు.

పార్కు రోడ్డు పక్కనే ఉంది. గోడ మీదుగా జెయింట్ వీల్ తిరుగుతూ కనిపించింది. చిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. టికెట్లు తీసుకుని గేటు దగ్గరికి పోతే కాపలా మనిషి సంచి విప్పమన్నాడు.

"ఏందమ్మా ఇది? స్టవ్వా?"

"కనపడ్తలేదా?"

"బయటి తిండి లోపలికి రానియ్యం. లోపల క్యాంటీన్ ఉన్నది."

క్యాంటీన్ ధరల బోర్డు గేటుకే వేలాడుతోంది. ఆ ఇడ్లీ ధరకు మా ఊళ్ళో పప్పు రుబ్బే రోలే వస్తుంది. పైగా నానిన బియ్యం రాత్రిదాకా ఆగవు, పులుస్తాయి. ఆ మాటే అతనికి చెప్పాను.

"పారెయ్యుండ్రి, లేకుంటే వాపస్ పోండ్రి," అన్నాడు.

"అన్నం పారేసుడు మా ఇంట్ల లేదు. వండుకొని, తిని, కడుపుల ఏస్కొని ఒస్తే ఆపుతవా?"

అతను తల గోక్కున్నాడు. "కడుపులది చెక్ చెయ్యమమ్మా."

తొందరగా తిని లోపలికి పోవచ్చు అనుకున్నాం. గేటు పక్కనంతా బండ్లు, ఆ పక్కన మురికి కాలువ. శుభ్రంగా ఉన్న జాగా రోడ్డు అంచే. అక్కడ దుప్పటి పరిచి, గాలికి సీనును అడ్డంగా నిలబెట్టి, స్టవ్ వెలిగించాను. సత్యవతమ్మ క్యారియర్ విప్పింది.

గిన్నెలో నీళ్ళు ఇంకా వేడెక్కలేదు. అంతలో ఎల్బీనగర్ వైపు నుంచి జెండాలు పట్టుకుని కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు. ఆ రోజుల్లో రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే పంక్తిగా కూర్చుని తిని నిరసన తెలిపేవారు. దాన్ని వంటావార్పు అనేవారు. మమ్మల్ని చూడగానే ముందున్న పిల్లవాడు ఆగిపోయాడు. వాడి పేరు మల్లేశమని తర్వాత తెలిసింది.

"అరే చూడుండ్రిరా! అవ్వ ఒక్కతే వంటావార్పు మొదలువెట్టింది! జై తెలంగాణ!"

"నాయినా, మేం పార్కుకు వచ్చినం," అన్నాను.

"అవునవ్వా, పార్కు ముంగటనే జాగ మంచిగున్నది. ఏం తెలివే నీది!"

నేను ఇంకో మాట అనేలోపే అందరూ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. కార్లు ఆగాయి. కార్ల వెనక లారీలు ఆగాయి. డప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో వచ్చాయి. హాస్టల్ పిల్లలు పెద్ద గుండిగ, గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తా మోసుకొచ్చారు. మార్కెట్‌కు పోతున్న బత్తాయి లారీ డ్రైవర్ దిగి వచ్చి, "అవ్వా, మీదే ఊరు?" అని అడిగాడు. చెప్పాను. మా పక్క ఊరివాడే! రెండు బుట్టలు దింపేశాడు. నా చిన్న గిన్నెను మాత్రం ఎవరూ కదపలేదు. దాని చుట్టూ బంతిపూలు పెట్టారు.

సత్యవతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వదిన గారూ, నేను నోరు విప్పితే మన పనైపోతుందండీ," అని నా చెవిలో గొణిగింది.

"అమ్మా, నీదే ఊరు?" అని మల్లేశం ఆమెనే అడిగాడు.

"ఆమె మాట్లాడదు బిడ్డా," అన్నాను. అది అబద్ధం కాదు.

"మౌన దీక్షనా!" అని చేతులు జోడించాడు. ఎవరో అట్టముక్క మీద 'మౌన దీక్ష' అని రాసి ఆమె మెడలో వేలాడదీశారు. ఆగిన ఒక జీపుకున్న దండ తెంపుకొచ్చి దాని మీద వేశారు. చూసినవాళ్ళంతా కాళ్ళకు మొక్కుతున్నారు. ఆమె గొడుగు కింద రాయిలా కూర్చుంది.

ఈ హడావుడిలో పార్కు మేనేజర్ భయపడి గేటు మూయించాడు. గోడ అవతల తిరుగుతున్న చక్రం నెమ్మదించి ఆగింది. చిన్ని దాన్ని చూసింది, నన్ను చూసింది. ఏడవలేదు. కట్టు విప్పిన చేతిని రెండో చేత్తో పట్టుకుని దుప్పటి మీద కూర్చుంది. అది ఏడ్చి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

"మల్లేశం, జర తొవ్వ ఇయ్యిరా. పిల్లను చక్రం ఎక్కియ్యాలె," అన్నాను.

"తెలంగాణ ఒచ్చినంక అన్ని చక్రాలు మనయేనవ్వా!"

సందు దొరకలేదు. గుండిగ దగ్గర ఒక హాస్టల్ కుర్రాడు బియ్యం బస్తా ఎత్తి పోయబోయాడు. అప్పుడు నా పక్క నుంచి కేక వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఎసరు మరక్కుండా బియ్యం పోస్తావేంట్రా? ముద్దైపోదూ? దింపవయ్యా ముందు!"

డప్పులు ఆగిపోయాయి. అందరూ మౌన దీక్ష అట్టముక్క వైపు చూశారు. సత్యవతమ్మ ముఖం పాలిపోయింది. గుంపులో ఎవడో "ఆంధ్రామె!" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "అయితే? మా వదినె. ఎసరు మరిగిందా లేదా, నువ్వే చెప్పరా."

మల్లేశం గుండిగలోకి తొంగిచూశాడు. "లేదవ్వా."

"మరి ఆమె తప్పేమన్నది? లొల్లి మీది మీరు చేసుకోండ్రి. అన్నం మాత్రం ఆమె చెప్పినట్టే ఉడకాలె."

మల్లేశం నవ్వాడు. "అమ్మా, మౌనం ఇడిసినవు గద, ఉప్పు ఎంతెయ్యాలె గూడ నువ్వే చెప్పు."

ఆమె చెప్పింది. ఉప్పు, పప్పు, మంట, అన్నీ చెప్పింది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఆమె కన్న కూతురు, మా కోడలు, ఒక్కనాడైనా ఆమె మాట అంతగా విన్నదో లేదో నాకు తెలియదు.

అన్నం దగ్గరపడే వేళకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. లీడర్ ఎవరని అడిగాడు. అన్ని చేతులూ నన్నే చూపించాయి. సీను గబుక్కున నా ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.

"పర్మిషన్ ఉన్నదా అమ్మా?"

"బియ్యం ఉడకవెట్టనీకి గూడ పర్మిషనా సారూ?"

చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టర్ చెమట తుడుచుకుని, "సరే, డిమాండ్ చెప్పుండ్రి," అన్నాడు.

"తెలంగాణ!" అని రోడ్డంతా అరిచింది.

అతను నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "అమ్మా, అది నా చేతుల లేదు. నా చేతుల ఉన్నదేదన్న అడుగు."

చిన్ని వైపు చూశాను. "జెయింట్ వీల్ తిప్పియ్యి."

"ఏందీ?"

"లొల్లికి భయపడి ఆపేసిండ్రు. నా మనుమరాలు ఎక్కాలె. ఎక్కితే మేం ఇంటికి పోతం."

ఇన్‌స్పెక్టర్ మల్లేశాన్ని చూశాడు. మల్లేశం గుంపును చూశాడు. "అవ్వ మాటంటే మాటే. ముందు తిననీయ్యుండ్రి, తిన్నంక లేస్తం," అన్నాడు.

పంక్తులు కూర్చున్నాయి. కార్లవాళ్ళు దిగి తిన్నారు, లారీలవాళ్ళు తిన్నారు. ఇన్‌స్పెక్టర్ జీపు చాటున నిలబడి తిన్నాడు. గేటు కాపలా మనిషి విస్తరాకు పట్టుకుని అందరికంటే చివర వచ్చాడు. నేను గరిటె ఆపి, "బయటి తిండి కదా?" అన్నాను. "నేను గూడ బయటికొచ్చిన కదమ్మా," అన్నాడు. పెట్టాను. సత్యవతమ్మ వడ్డిస్తూనే ఉండి ఒక్క మెతుకు తినలేదు. నేనూ తినలేదు.

ఏడు దాటాక గేటు తెరిచారు. మా కోసం చక్రం తిరగడం మొదలైంది. పిల్ల మధ్యలో, మేం చెరోవైపు. డబ్బా పైకి లేస్తుంటే చిన్ని కళ్ళు మూసుకుంది. నా చెయ్యి వదలలేదు. సత్యవతమ్మ అంతకంటే గట్టిగా కళ్ళు మూసుకుంది.

సరిగ్గా పైకి చేరాక కరెంటు పోయింది.

డబ్బా ఒక ఊపు ఊగి ఆగింది. కింద చీకట్లో సీను ఏదో అరుస్తున్నాడు. సత్యవతమ్మ దేవుళ్ళందర్నీ వరుసగా పిలిచింది. చిన్ని మాత్రం మెల్లగా ఒక కన్ను తెరిచింది. రోడ్డు మీద బండ్లు కదులుతున్నాయి. వాటి లైట్లు ఎల్బీనగర్ దాకా ఒక్క వరుసలో ఉన్నాయి.

"నానమ్మా, గంత దూరం మనమే ఆపినమా?"

"ఆఁ."

రెండో కన్నూ తెరిచింది. చేతులు వదిలి కడ్డీ పట్టుకుని కిందికి వంగింది. దవాఖాన నుంచి వచ్చాక ఆ చేత్తో ఏదైనా గట్టిగా పట్టుకోవడం అప్పుడే చూశాను.

నేను నడుముకు కట్టుకున్న బట్ట విప్పాను. గేటులో సంచి వెతికారు గానీ నడుము ఎవరు వెతుకుతారు? చిన్నికి ఒక తపాలచెక్క ఇచ్చాను. సత్యవతమ్మ ముందూ ఒకటి పట్టాను. ఆమె చీకట్లో తడుముకుని తీసుకుంది. కాసేపటికి కటుక్కుమని చప్పుడైంది.

"పళ్ళున్నయా వదినె?"

"ఉన్నాయండీ," అంది నములుతూ. "ఇంకోటి ఇవ్వండి."

కరెంటు వచ్చేసరికి బట్ట ఖాళీ అయింది.

తిరుగు ప్రయాణంలో ఆటో దొరకడం కష్టం కాలేదు. మల్లేశం స్టవ్ తోమించి, తుడిపించి తెచ్చి ఇచ్చాడు. చిన్ని సీను భుజం మీద నిద్రపోయింది. ఆటో అతను దారిపొడవునా గొణుగుతూనే ఉన్నాడు.

"ఎవరో ముసలామె రోడ్డు బంద్ వెట్టిందట. నా గిరాకీ అంత పోయింది. మీరు చూసిన్రా అమ్మా?"

నేను సత్యవతమ్మను చూశాను. ఆమె మెడలో అట్టముక్క అలాగే ఉంది. తీయడం మరిచిపోయాం. ఆటో అతను వెనక్కి తిరిగి దాన్ని చదివి, "దీక్షల ఉన్నరా? మాఫ్ చెయ్యమ్మా," అని నోరు మూసుకున్నాడు. ఆమె గంభీరంగా తల ఊపింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేదాకా నవ్వు ఆపుకోలేక ఆమె కడుపు కదులుతూనే ఉంది.

ఆ పార్కు ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది తక్కువ. ఒక్క చక్రమే చూశాం, అదీ చీకట్లో. పోయేవాళ్ళు బియ్యం నానబెట్టుకుని పోవద్దు. తపాలచెక్కలు మాత్రం నడుముకు కట్టుకుని పోండి. ఇప్పుడు నేను చేసిన ప్రతిసారీ నాలుగు ఎక్కువే కాలుస్తాను. అవి దిల్‌సుఖ్‌నగర్ పోతాయి.